బాతుపిల్ల కథలో లేని మనుషులు

అందవికారమైన బాతుపిల్ల కథ మనందరికీ తెలిసిందే. తోటి బాతులు దాన్ని పొడుస్తాయి, కోళ్లు తరుముతాయి, చివరికి కన్నతల్లిలా పొదిగిన బాతు కూడా అది ఎటైనా పోతే బాగుండునని అనుకుంటుంది. పాపం ఆ పిల్ల పారిపోయి, చలికాలమంతా చెరువు గట్టున రెల్లులో దాక్కుని, వసంతం వచ్చాక నీళ్లలో తన నీడ చూసుకుంటే తాను హంస! కథ అక్కడితో అయిపోతుంది.

చిన్న తరగతుల్లో మేమూ అంతే చదివాం, సంతోషించాం. తరువాత ఆ కథ రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ జీవితం చదివినప్పుడు మాకు ఒక తేడా కనిపించింది. ఆయన్నీ పొడిచారు, తరిమారు. కానీ ఆయన ఒంటరిగా హంస కాలేదు. మధ్యలో చాలామంది ఉన్నారు. అన్నం పెట్టినవాళ్లు ఉన్నారు, లాటిన్ తప్పులు దిద్దినవాళ్లు ఉన్నారు. జరుగుతున్నది కళ్లారా చూసి, చెప్పవలసిన చోటికి వెళ్లి చెప్పిన కుర్ర మాస్టారు ఒకాయన ఉన్నాడు. వీళ్లెవరూ బాతుపిల్ల కథలో లేరు. అందుకే ఇక్కడ వాళ్లతో కలిపి చెబుతున్నాం.

హాన్స్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్క్ దేశంలో ఓడెన్సె అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. తల్లి ఏట్లో నిలబడి ఊరివాళ్ల బట్టలు ఉతికేది. ఇల్లంటే ఒక్క గది. తండ్రికి మాత్రం పుస్తకాల పిచ్చి. రాత్రిపూట అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు. కొడుక్కి ఒక చిన్న బొమ్మల నాటకశాల చేసిచ్చాడు. హాన్స్ గుడ్డపీలికలు ఏరుకొచ్చి బొమ్మలకు బట్టలు కుట్టేవాడు, వాటితో నాటకాలు ఆడించేవాడు. తోటి మగపిల్లల ఆటలు అతనికి పట్టలేదు. 1816లో తండ్రి పోయేనాటికి అతనికి 11 ఏళ్లు.

హాన్స్ తాతగారికి మతి స్థిమితం లేదు. కొయ్యతో వింత వింత జంతువుల్ని చెక్కుతూ ఊళ్లో తిరిగేవాడు. వీధిపిల్లలు గోల చేస్తూ ఆయన వెంటపడేవారు. ఒకరోజు అది చూసిన మనవడు దగ్గరలో ఉన్న మెట్ల వెనక నక్కి కూర్చున్నాడు. ఆ ముసలాయన రక్తమే తన ఒంట్లోనూ ఉందని అతనికి తెలుసు. తరువాతి వంతు తనదేనని భయపడ్డాడేమో అనిపిస్తుంది మాకు. వంతు రానే వచ్చింది. హాన్స్ నాటకాలు రాస్తాడని ఊళ్లో తెలిశాక అవే వీధుల్లో పిల్లలు అతన్నీ నాటకాలోడని కేకలేస్తూ తరిమారు. ఇంటికి పరిగెత్తుకొచ్చి మూలన కూర్చుని ఏడ్చేవాడు.

ఇంకొక సంగతి చెప్పడానికి మనసొప్పదు గాని వదిలేయలేం. ఇంట్లో గడవక అతన్ని ఒక బట్టల మిల్లులో పనికి పంపారు. అతని గొంతు చక్కగా ఉండేది, అక్కడ పాడితే పనివాళ్లు మగ్గాలు ఆపి మరీ వినేవారు. ఒకరోజు వాళ్లలో ఎవరో, ఈ గొంతు మగపిల్లాడిది కాదు, ఆడపిల్లదేనని వేళాకోళం మొదలెట్టారు. నలుగురూ పట్టుకుని నిజమేదో తేల్చడానికి చూశారు. అతను కెవ్వున అరిచి విడిపించుకుని తల్లి దగ్గరికి పారిపోయాడు. ఆమె ఏం చేసిందంటే, మళ్లీ అక్కడికి పంపనంది, పంపలేదు. కూలి డబ్బులు అవసరమైన ఇల్లు అది. అయినా పంపలేదు.

నిజానికి ఆ తల్లి అలా చేయడం అది రెండోసారి. అంతకు చాలా ముందు, పసిపిల్లల బడిలో పంతులమ్మ బెత్తంతో కొడితే హాన్స్ పుస్తకం పట్టుకుని నేరుగా ఇంటికి వచ్చేశాడు. తల్లి అతన్ని వేరే బడిలో చేర్చింది. అక్కడ కార్‌స్టెన్స్ అనే మాస్టారు ఉండేవాడు. అందరికన్నా చిన్నవాడైన హాన్స్ పెద్దపిల్లల పరుగుల మధ్య పడిపోకుండా, ఆటల వేళ అతని చెయ్యి పట్టుకుని నడిచేవాడు. చెయ్యి పట్టుకోవడం, అంతే. 40 ఏళ్ల తరువాత ఆత్మకథ రాసుకునేటప్పుడు కూడా ఆండర్సన్ ఆ చెయ్యిని మరిచిపోలేదు.

1819 సెప్టెంబర్‌లో, 14 ఏళ్ల వయసులో, దాచుకున్న కొద్దిపాటి డబ్బుతో ఒంటరిగా రాజధాని కోపెన్‌హాగన్‌కి బయలుదేరాడు. తల్లికి భయమేసి, జోస్యం చెప్పే ముసలామెను పిలిపించింది. ఈ పిల్లవాడి కోసం ఒకనాడు ఓడెన్సె ఊరంతా దీపాలు వెలిగిస్తారని ఆమె చెప్పిందట. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని సరేనంది. ఆ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

కోపెన్‌హాగన్‌లో మూడేళ్లు గడిచిన తీరు ఇక్కడ వివరంగా చెప్పం. పాటగాడవుదామంటే గొంతు మారింది. నాట్యం నేర్చుకుందామంటే ఒళ్లు వంగలేదు. పొడుగాటి కాళ్లు, పొడుగాటి ముక్కు, పొట్టి అయిపోయిన బట్టలు. నాటకాలు రాసి ఇస్తే, అక్షరదోషాల పుట్టలని తిప్పి పంపారు. అయితే రాజుగారి నాటకశాల నిర్వాహకుల్లో ఒకరైన యోనాస్ కొలిన్‌కి ఆ తప్పుల కుప్పలో ఏదో మెరిసినట్టు అనిపించింది. ఈ కుర్రవాడికి కావలసింది నాటకశాల కాదు, బడి అని ఆయన తేల్చాడు. రాజుగారి నిధి నుంచి డబ్బు ఏర్పాటు చేసి, 1822లో స్లాగెల్సె అనే ఊరి బడికి పంపాడు.

కొత్త బడిలో మొదటి రోజు ఏ బెంచీ ఖాళీగా ఉందో వెతుక్కోవడం మనకు కొత్తేం కాదు. నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా మనకది తప్పదు. పుస్తకం వేరు, భాష వేరు, అందరూ ఎప్పుడో నవ్వేసుకున్న జోకు మనకొక్కరికే తెలియదు. హాన్స్ పరిస్థితి అంతకన్నా కష్టం. 17 ఏళ్లవాణ్ని, తలుపు కమ్మికి తల తగిలేంత పొడుగైనవాణ్ని, కింది నుంచి రెండో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టారు. లాటిన్ రాదు, గ్రీకు రాదు, లెక్కలు రావు. సొంత భాషలోనే తప్పులు లేకుండా ఒక వాక్యం రాయలేడు.

అయినా అక్కడ అతన్ని బాధపెట్టింది పిల్లలు కాదు. ప్రధానోపాధ్యాయుడు సైమన్ మైస్లింగ్.

మైస్లింగ్ చదువు తక్కువవాడేం కాదు. ప్రాచీన గ్రంథాలను డేనిష్‌లోకి అనువదించిన పండితుడు. కానీ ఎగతాళి ఆయన ఆయుధం. తరగతి మొత్తం ముందు హాన్స్‌ని నిలబెట్టి, మొద్దు అని, ఎందుకూ పనికిరాడని అనేవాడు. తప్పు చెబితే వెక్కిరించేవాడు, భయపడి నోరు పెగలకపోతే మరింత వెక్కిరించేవాడు. 1825లో హాన్స్ ఆయన ఇంట్లోనే అద్దెకు ఉండవలసి వచ్చింది. మరుసటి ఏడు మైస్లింగ్‌కి హెల్సింగోర్ అనే రేవు పట్నానికి బదిలీ అయితే హాన్స్ కూడా ఆయన వెంటే వెళ్లాడు. బడి అయ్యాక ఇంటి గేటు మూసేసేవారు. పగలంతా తిట్టినవాడి ఇంట్లోనే రాత్రి నిద్రపోవాలి. అదెలా ఉంటుందో మేము ఊహించుకోలేకపోయాం.

తప్పించుకునే చోటు ఒక్కటి ఉండేది, అదీ స్లాగెల్సెలో ఉన్నన్నాళ్లే. దగ్గరలో సోరో అనే ఊళ్లో ఇంగెమన్ అనే కవి, భార్యతో కలిసి చెరువు పక్కన కాపురముండేవాడు. సెలవు దొరికితే హాన్స్ నడిచి అక్కడికి పోయేవాడు. ఆ ఇంట్లో ఎవరూ అతన్ని పరీక్షించలేదు. మామూలుగా మాట్లాడారు, రాసినది చదవమన్నారు, విన్నారు.

హెల్సింగోర్‌లో ఉండగా చనిపోతున్న ఒక పసివాడు తల్లితో మాట్లాడుతున్నట్టుగా హాన్స్ ఒక కవిత రాశాడు. అది తెలిసి మైస్లింగ్ తెమ్మని, చదివి, ఏడుపుగొట్టు చెత్త అని తీసిపారేశాడు. తరువాత 1827లో పత్రికలో వచ్చి పేరు తెచ్చుకున్నది ఆ కవితే. కానీ ఆ రోజున హాన్స్‌కి అది ఎలా తెలుస్తుంది? మొద్దు అని రోజూ వింటుంటే కొన్నాళ్లకు మనమే ఆ మాట మనతో అనుకోవడం మొదలెడతాం. అతని అప్పటి ఉత్తరాలు అలాగే ఉంటాయి. తనకు తెలివి లేదని, రాజుగారి డబ్బు దండగ చేస్తున్నానని, బతకడం దేనికని.

ఆ ఉత్తరాలు కొలిన్‌కి అందేవి. ఆయన మంచివాడే గాని వెంటనే ఏమీ చేయలేదు. ఓపిక పట్టమని, కష్టపడమని జవాబు రాసేవాడు. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. ఎందుకంటే ఈ కథలో అన్నిటికన్నా విచిత్రమైన సంగతి ఒకటుంది. ఎదురుగా మొద్దు అని తిట్టిన మైస్లింగ్, కొలిన్‌కి రాసిన నివేదికలో హాన్స్ బుద్ధిమంతుడని, బాగా కష్టపడుతున్నాడని మెచ్చుకున్నాడు. దూరాన ఉన్న పెద్దాయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఏడుస్తున్న కుర్రవాడిది, రెండోది మెచ్చుకుంటున్న ప్రధానోపాధ్యాయుడిది. ఆయన రెండోదాన్ని నమ్మాడు. పెద్దవాళ్లు సాధారణంగా అలాగే నమ్ముతారు.

దీన్ని మార్చింది వెర్లీన్. అదే బడిలో హీబ్రూ చెప్పే యువకుడు. తరగతిలో, ఇంట్లో హాన్స్‌ని ఏమంటున్నారో ఆయనకు తెలుసు. 1827 ఈస్టర్ సెలవుల్లో కోపెన్‌హాగన్ వెళ్లినప్పుడు కొలిన్‌ని కలిసి అంతా చెప్పాడు. మైస్లింగ్ ఆయనకు పై అధికారి. చూడనట్టు ఊరుకుంటే వెర్లీన్‌కి పోయేదేమీ లేదు, చెప్పడం వల్ల వచ్చేదీ లేదు. అయినా చెప్పాడు. హాన్స్ ఏళ్ల తరబడి ఉత్తరాల్లో చెప్పుకున్నా కదలని పని, కళ్లారా చూసిన ఇంకొక మనిషి నోటితో చెప్పేసరికి కదిలింది. కొలిన్ హాన్స్‌ని ఆ బడి నుంచి వెంటనే తీసేశాడు.

వెళ్లేముందు హాన్స్ మైస్లింగ్ దగ్గరికి పోయి, చెప్పిన చదువుకు కృతజ్ఞతలు తెలిపాడు. ఆయన జవాబుగా, నువ్వు పరీక్ష ప్యాసవవని, నీ రాతలు కొట్టులో చెదలు పడతాయని, చివరికి పిచ్చాసుపత్రిలో తేలతావని దీవించి పంపాడు. పిచ్చి తాతగారి మనవడు విన్న మాట అది.

మామూలుగా ఇలాంటి జీవితకథల్లో ఇక్కడ ఒక గీత గీసి, ఆ తరువాత అంతా విజయమే అని రాస్తారు. మాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలైందనిపించింది. బడి మారింది, మనిషి మాత్రం దెబ్బతినే ఉన్నాడు.

కోపెన్‌హాగన్‌లో 22 ఏళ్ల హాన్స్‌కి ఒక అటక గది దొరికింది. మ్యూలర్ అనే యువకుడు ప్రైవేటు చెప్పేవాడు. రోజుకు రెండుసార్లు అతని ఇంటికి నడక. వెళ్లేటప్పుడు తలనిండా పాఠాలే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఊపిరి ఆడేది, దారిలో కనిపించినవన్నీ బొమ్మలై కళ్లముందు ఆడేవి. 1829లో వచ్చిన అతని మొదటి చెప్పుకోదగ్గ పుస్తకం ఆ నడకల్లోంచి పుట్టిందే. నగరం అంచుకు నడిచిన ఒక నడక మీద రాసిన నవ్వుల పుస్తకం అది. ఎగతాళికి బలైనవాడు ఈసారి తానే నవ్వించాడు.

ఇక భోజనం. చేతిలో డబ్బు లేదు. కొలిన్, ఆయన స్నేహితులు ఒక పద్ధతి పెట్టారు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో హాన్స్‌కి భోజనం. మన పక్క ఒకప్పుడు పేద విద్యార్థులు వారాలు చెప్పుకుని చదువుకునేవారని తాతయ్యలు చెప్పేవారు కదా, అచ్చం అదే. ఒక వారం నౌకాదళ అధికారి వుల్ఫ్ గారిల్లు. ఒక వారం హాన్స్ అయిర్‌స్టెడ్ గారిల్లు. అవును, భౌతికశాస్త్రం పుస్తకంలోని ఆయనే! కరెంటు పారుతున్న తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కనిపెట్టిన శాస్త్రవేత్త. ఆండర్సన్ రాసే పిల్లల కథలే అతన్ని చిరకాలం నిలబెడతాయని మొదట గుర్తుపట్టినవారిలో ఆయనొకడు. 1828లో హాన్స్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ప్యాసయ్యాడు. మైస్లింగ్ జోస్యంలో మొదటి ముక్క తప్పింది.

ఇక్కడినుంచి మేము ఆయన అనే అంటాం.

వుల్ఫ్ గారమ్మాయి హెన్రియెట్ ఆయనకు జీవితాంతం స్నేహితురాలు. ఆమెకు గూని. నలుగురూ తేరిపార చూడటమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆండర్సన్ బెంగపడితే ఓదార్చేది, లేనిపోని గొప్పలు పోతే మొహమాటం లేకుండా చీవాట్లు పెట్టేది. 1858లో ఆమె అమెరికా వెళుతుండగా నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది, ఆమె తిరిగి రాలేదు. ఆ దుఃఖం ఆయన్ని చాలాకాలం వదలలేదు.

కొలిన్ కొడుకు ఎడ్వర్డ్‌తో స్నేహం వేరే రకం. ఆయన లాటిన్ దిద్దాడు, రాతప్రతులు సరిచూశాడు, డబ్బు లెక్కలు చూశాడు. కానీ డేనిష్‌లోనూ మన భాషలోలాగే నువ్వు, మీరు అని రెండు పిలుపులున్నాయి. 1831లో ఆండర్సన్, ఇకనుంచి మనం నువ్వు అనుకుందామా అని ఉత్తరంలో అడిగితే ఎడ్వర్డ్ మర్యాదగా కుదరదన్నాడు. ఆండర్సన్ ఆ దెబ్బ ఎన్నడూ మరిచిపోలేదు. అయినా వాళ్ల స్నేహం చివరిదాకా సాగింది, మీరు మీరు అనుకుంటూనే. ఆసరా ఇచ్చేవాళ్లంతా మనకు కావలసినట్టే ఇస్తారని లేదు మరి.

1835లో మొదటి నవల, మొదటి పిల్లల కథల పుస్తకం వచ్చాయి. 1843 నవంబర్‌లో బాతుపిల్ల కథ వచ్చింది. దాన్ని మళ్లీ చదివితే, చిన్నప్పుడు మేము దాటేసిన ఒక చోటు ఈసారి ఆపేసింది. చెరువు గడ్డకట్టి బాతుపిల్ల మంచులో ఇరుక్కుపోతే ఒక రైతు తన చెక్క చెప్పుతో ఆ మంచు పగలగొట్టి దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. రైతు పిల్లలు ఆడుకుందామని దగ్గరికి వస్తారు. బాతుపిల్ల మాత్రం వాళ్లు కొట్టడానికే వస్తున్నారనుకుని బెదిరి, పాలకుండలో పడి, వెన్నలో పడి, పిండిలో పడి బయటికి పారిపోతుంది. అంటే మేము అనుకున్నట్టు కథలో ఎవరూ లేకపోలేదు. ఒక రైతు ఉన్నాడు. దెబ్బలు తిన్న పిల్ల ఆ మంచితనాన్ని గుర్తుపట్టలేకపోయింది.

ఆండర్సన్‌కీ ఆ బెదురు పోలేదు. ఎవరైనా విమర్శిస్తే పెద్దవాడయ్యాక కూడా ఏడ్చేసేవాడు. ఎక్కడ నిప్పంటుకుంటుందోనని ప్రయాణాల్లో పెట్టెలో మోకు పెట్టుకుని తిరిగేవాడు, కిటికీలోంచి దిగడానికట. రాజులు భోజనానికి పిలిచే రోజుల్లో కూడా కలలో మైస్లింగ్ వచ్చేవాడు. కలలో ఆయన మళ్లీ విద్యార్థి, మళ్లీ నోరు పెగలదు. ఆ కలల సంగతి ముసలితనపు డైరీల్లోనూ ఉంది. మెలకువలో మాత్రం అది వేరేగా ముగిసింది. కొన్నేళ్లకు కోపెన్‌హాగన్‌లో ఎదురుపడిన మైస్లింగ్ తానే చెయ్యి చాచి, నీ విషయంలో నేను పొరబడ్డాను, సరిగా చూసుకోలేదు అని ఒప్పుకున్నాడు. ఆండర్సన్ ఆ చెయ్యి అందుకున్నాడు. కలలు మాత్రం ఆగలేదు.

1867 డిసెంబర్ 6న ఓడెన్సె పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఒకప్పుడు తరిమిన వీధుల్లో ఆ రాత్రి దీపాలు వెలిగాయి, కాగడాలతో ఊరేగింపు వచ్చింది. జోస్యం చెప్పిన ముసలామె మాట నిజమైంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి చూశాడు. అదే సమయానికి భరించలేని పంటినొప్పి! ఈ సంగతి కూడా దాచుకోకుండా ఆయనే రాసుకున్నాడు.

ఆయనకు సొంత ఇల్లు ఎప్పుడూ లేదు. అద్దె గదులు, హోటళ్లు, పెట్టెలు. 60 దాటాకగాని సొంతానికి ఒక మంచం కూడా కొనుక్కోలేదు. చివరి జబ్బులో మెల్కియర్ దంపతులు నగరం బయట ఉన్న తమ ఇంట్లో ఉంచుకుని చూసుకున్నారు. ఏళ్ల తరబడి విడవకుండా రాసుకున్న డైరీ రాయడానికి అప్పటికి ఆయన చెయ్యి సహకరించడం లేదు. ఆయన చెబుతుంటే ఆ ఇంటి ఇల్లాలు డొరోథియా, ఆమె కూతుళ్లు రాసిపెట్టేవారు. 1875 ఆగస్టు 4న ఆయన కన్నుమూశాడని ఆ డైరీలో డొరోథియానే రాసింది.